గీత కింద అదే అంకె

బుల్లబ్బాయి గురువారం మధ్యాహ్నం పన్నెండు గంటలకు గేజి పుస్తకంలో 6.2 అని రాశాడు. రాసిన వెంటనే దాన్ని అడ్డగీతతో కొట్టేశాడు. కాసేపాగి పక్కనే మళ్ళీ 6.2 అని రాశాడు. ఆ రోజే మూడు గంటలకు, లాకుకు రెండు మైళ్ళ దిగువన కాలవ గట్టు తెగింది. తొంభై ఎకరాల వరి నీట మునిగింది.

1978 సెప్టెంబరు నెలాఖరు. చేలు పొట్ట మీద ఉన్నాయి.

మునిపాలెం లాకు దగ్గర బుల్లబ్బాయి లస్కరు. ఇరవై రెండేళ్ళ వయసులో పూడిక తీసే కూలీగా వచ్చి, అయిదో తరగతి దాకా చదివాడు గనక పుస్తకం చేతికిస్తే అక్కడే ఉండిపోయాడు. ఇప్పుడు యాభై దాటింది. పొద్దున్న ఆరింటికి, మధ్యాహ్నం పన్నెండింటికి, సాయంత్రం ఆరింటికి లాకు గోడకు బిగించిన గేజి పలక మీద నీటిమట్టం చూసి రాయాలి. మట్టం ఆరున్నర అడుగులు దాటుతుంటే పక్కనున్న తూము షట్టర్లు దించాలి. పడవ వస్తే తలుపులు తియ్యాలి. ఇంతే పని. ఇంతే పనిని ఇరవై ఎనిమిదేళ్ళు ఒక్క రోజు తప్పకుండా చేసినవాడు ఆ కాలవ మీద మరొకడు లేడు. కూతురి పెళ్ళినాడు కూడా పందిట్లోంచి లేచి పన్నెండింటి గేజి చూసి వచ్చాడని భార్య వీరవేణి ఇప్పటికీ దెప్పుతుంది.

గండి పడిన గంటకల్లా రైతులు లాకు దగ్గరికి వచ్చారు. ముందు నడిచినవాడు జోగేశ్వరరావు. పదకొండు ఎకరాలు పోయినవాడు. నీళ్ళు మట్టం దాటించి వదిలారని, అందుకే గట్టు ఆగలేదని అతని అనుమానం. పుస్తకం తీయించాడు. గీత చూశాడు. జేబులోంచి కాగితం తీసి ఆ పేజీని ఉన్నదున్నట్టు, గీతతో సహా, తన పెన్నుతో ఎత్తిరాసుకున్నాడు. గేజి పుస్తకం దిద్దారని సాయంత్రానికి నాలుగూళ్ళలో పాకింది.

పుస్తకం దిద్దినట్టు తేలితే బుల్లబ్బాయి ఉద్యోగం పోతుంది. దాంతోపాటు గట్టు మీద సర్కారు ఇచ్చిన రెండు గదుల పెంకుటిల్లూ పోతుంది. వేరే ఇల్లు లేదు. ఈ సంగతి అతనికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

శనివారం పదిన్నరకి విచారణ. రాజమండ్రి నుంచి ఎగ్జిక్యూటివ్ ఇంజనీరు కుక్కుటేశ్వరరావు గారు వస్తున్నారని కబురొచ్చింది. శుక్రవారం మధ్యాహ్నం లాకు సూపరింటెండెంటు జగన్నాథరావు, బుల్లబ్బాయిని తన గదికి పిలిచి తలుపు దగ్గరగా వేశాడు. పుస్తకంలో చివరి గడి రిమార్కులకి. అంకె దిద్దితే ఆ గడిలో ‘దిద్దడమైనది’ అని రాసి, అదే రోజు సూపరింటెండెంటు చేత సంతకం చేయించాలి. గురువారం గడి ఖాళీగా ఉంది. ఆ ఖాళీ ఇద్దరికీ చేటేనని జగన్నాథరావు నచ్చజెప్పాడు. ఒక్క మాట రాయమన్నాడు, తాను గురువారం తారీఖు వేసి సంతకం పెడతానన్నాడు.

“గురువారం మీరు చూడలేదు గదండీ,” అన్నాడు బుల్లబ్బాయి.

“చూశాననే అంటున్నాను కదయ్యా.”

“నేను దిద్దలేదండి. ఆరూ పాయింటు రెండుకి ఆరూ పాయింటు రెండే రాశాను. ఇప్పుడు ఆ గడిలో రాస్తే అప్పుడు దిద్దినట్టవుద్దండి పుస్తకం.”

జగన్నాథరావు పుస్తకాన్ని బల్ల మీద అతని వైపు తోశాడు. బుల్లబ్బాయి దాన్ని మూసి, బీరువాలో పెట్టి, తాళంచెవి బల్ల మీద ఉంచి బయటికొచ్చాడు. సూపరింటెండెంటు ఒక్కడే ఆ రాత రాసి సంతకం పెట్టుకోవచ్చు. కానీ రాత బుల్లబ్బాయిది కాకపోతే సంతకానికి విలువ లేదు. ఆ సాయంత్రం దాకా జగన్నాథరావు మూడుసార్లు కబురు పెట్టాడు. బుల్లబ్బాయి షట్టర్ల దగ్గర పనుందన్నాడు.

వీరవేణి మాత్రం ఊరుకోలేదు. పులుసు కింద మంట తగ్గిస్తూ, ఉప్పు సరిపోయిందో లేదోనని డబ్బా మూత తీసి, రుచి చూసి, వెయ్యకుండా మూసేస్తే ఉప్పు వేసినట్టవుతుందా అని అడిగింది. కాదన్నాడు.

“మరి ఆ గీతెందుక్కొట్టావు? మూత తీసి ఊరుకోవాల్సింది.”

అన్నం సగం తిని లేచాడు.

శనివారం ఇంజనీరు గారి జీపు పది గంటల ఇరవై నిమిషాలకే వచ్చింది. లాకు బంగళా వరండాలో బల్ల వేశారు. రైతులు మెట్ల మీదా, చూరు కిందా నిలబడ్డారు. జోగేశ్వరరావుకి కుర్చీ వేశారు. బుల్లబ్బాయి స్తంభం పక్కన చేతులు కట్టుకుని నిలుచున్నాడు. చెవి మీద ఎప్పుడూ ఉండే పెన్సిలు అప్పుడూ ఉంది.

జోగేశ్వరరావు మొదట చేసిన పని తన కాగితం విప్పి పుస్తకం పక్కన పెట్టడం. గురువారం నాలుగింటికి తాను చూసిన పేజీకీ, ఇప్పుడున్న పేజీకీ తేడా ఉంటే ఇక మాట్లాడేది లేదన్నాడు. ఇంజనీరు వేలు పెట్టి గడి గడీ పోల్చారు. అంకెలు, గీత, పొడి సంతకాలు. చివరికి రిమార్కుల గడి. కాగితంలోనూ ఖాళీ, పుస్తకంలోనూ ఖాళీ. జగన్నాథరావు చేతిరుమాలు తీసి మెడ తుడుచుకున్నాడు.

తర్వాత వాదన మొదలైంది. ఇంజనీరు గారి వెంట వచ్చిన గుమాస్తా నిబంధన చదివాడు. ‘అంకె మార్చినచో’ రిమార్కు రాయాలని ఉంది. ఇక్కడ అంకె మారలేదు గనక రిమార్కు అవసరం లేదని, పుస్తకం దిద్దినట్టు కాదని అతని లెక్క. జగన్నాథరావు చప్పున తలూపాడు. తన సంతకం లేకపోవడానికి అంతకంటే మంచి కారణం దొరకదు.

జోగేశ్వరరావు ఒప్పుకోలేదు. తిరుపతిలో గుండు చేయించుకున్నవాడికి ఆర్నెల్లకి అంతే జుట్టు మొలిస్తే గుండు కొట్టించుకోనట్టేనా అని అడిగాడు. మెట్ల మీదవాళ్ళు నవ్వారు. అతను నవ్వలేదు.

“గీత కొట్టాడంటే ముందు రాసింది తప్పని ఒప్పుకున్నట్టేనండి. తప్పయితే తర్వాతది వేరే అంకె ఉండాలి. అదే ఉందంటే ముందుది తప్పు కాదు. తప్పు కానిదాన్ని ఎందుకు కొట్టాడు? ఈ ఒక్కటీ చెప్పించండి. నా పదకొండెకరాలూ మర్చిపోతాను.”

గుమాస్తా నిబంధన పుస్తకం మళ్ళీ తిరగేశాడు. ఇంజనీరు బుల్లబ్బాయి వైపు తిరిగారు. చెప్పవయ్యా అన్నారు.

బుల్లబ్బాయి చెప్పాడు. గురువారం పన్నెండింటికి పెంకుల పడవ లాకు దిగుతోంది. తలుపులు తీసేసరికి కింద నీళ్ళు ఊగుతున్నాయి. గట్టు మీంచే పలక చూసి రాసేశాడు. రాశాక ఊగే నీళ్ళలో చూసిన అంకె ఏం అంకె అనిపించింది. కొట్టేశాడు. పడవ వెళ్ళిపోయాక మెట్లు దిగి, పలక మీద పాచి అరచేత్తో తుడిచి, నీళ్ళు నిలబడేదాకా కూర్చుని చూశాడు. ఆరూ పాయింటు రెండే ఉంది. పైకొచ్చి అదే రాశాడు.

“అంకె అదేనండి. ముందుది సరిగ్గా చూడకుండా రాసిందండి. రెండోది చూసి రాసింది.”

“నీ మాట తప్ప దీనికి రుజువేంటి?” అన్నాడు జోగేశ్వరరావు. అందులో ఎత్తిపొడుపు లేదు.

పడవల పుస్తకం తెప్పించారు. పన్నెండూ అయిదుకి పెంకుల పడవ దిగినట్టు జగన్నాథరావు రాతలోనే ఉంది. అయితే పడవ దిగిందంటే మనిషి మెట్లు దిగినట్టు కాదు. ఇంజనీరు గేజి పుస్తకాన్ని వెలుతురుకు ఎత్తి చూశారు. ఆ పేజీలో అంకెలన్నీ బూడిదరంగులో ఉన్నాయి. కొట్టేసిన 6.2 బూడిదరంగు. గీత బూడిదరంగు. పక్కన రాసిన 6.2 ఒక్కటీ ఊదారంగు.

ఆయన బుల్లబ్బాయి చెవి మీది పెన్సిలు అడిగి తీసుకున్నారు. చెరపడానికి వీల్లేకుండా సర్కారు ఇచ్చే కాపీయింగ్ పెన్సిలు అది. దాని రాత పొడిగా ఉంటే బూడిదరంగు, తడి తగిలితే ఊదా. గుమాస్తా దగ్గర చిత్తుకాగితం తీసుకుని బుల్లబ్బాయి చేత 6.2 రాయించారు. బూడిదరంగులో పడింది. వెళ్ళి పలక తుడిచి రమ్మన్నారు. బుల్లబ్బాయి వెళ్ళాడు. మెట్ల మీదివాళ్ళు దారిచ్చారు. లాకు మెట్లు పదిహేడు. అతను దిగి, వంగి, తుడిచి, ఎక్కి వచ్చాడు. తడిచేత్తో పెన్సిలు పట్టుకుని మళ్ళీ 6.2 రాశాడు. వేళ్ళ చెమ్మ కాగితానికి అంటి, చూస్తుండగా అంకె ఊదారంగుకు తిరిగింది.

ఇంజనీరు కాగితాన్ని జోగేశ్వరరావు ముందు పెట్టారు.

“మీరు గురువారం నాలుగింటికి పుస్తకం చూశారు. ఆ రెండో అంకె అప్పుడు ఏ రంగులో ఉందండీ?”

పెన్నుతో ఎత్తిరాసిన కాగితంలో రంగు లేదు. బూడిదరంగని అనేస్తే, ఆ తడి తర్వాత తగిలించిందవుతుంది, బుల్లబ్బాయి పని అయిపోతుంది. కాదనడానికి ఇంకో సాక్షి లేడు. పదకొండు ఎకరాలకు జవాబు చెప్పాల్సినవాడు ఒకడు దొరుకుతాడు. జోగేశ్వరరావు కాగితం మడిచాడు, విప్పాడు.

“ఊదాయేనండి,” అన్నాడు. “వేరే పెన్సిలుతో రాశాడనుకున్నాను. నాకు అనుమానం వచ్చిందే ఆ రంగు చూసి.”

ఇంకో మాట కూడా అన్నాడు. ఆ తడి గండి పడ్డాక, మూడింటి తర్వాత తగిలింది కాదని ఏంటి నమ్మకం? ఇంజనీరు దానికీ కాదనలేదు. నమ్మకం లేదన్నారు. కానీ గండి పడ్డాక దొంగ అంకె రాసేవాడు ఒక్క అంకె శుభ్రంగా రాస్తాడు గానీ, అదే అంకె రెండుసార్లు రాసి మధ్యన గీత కొట్టి నలుగురికీ చూపించుకోడన్నారు. ఈ మాటకి మెట్ల మీద ఒక ముసలాయన తలాడించాడు. జోగేశ్వరరావు కుర్చీలోంచి లేచాడు. బుల్లబ్బాయి వైపు చూడకుండానే, “ఈసారి గట్టు మీంచి చూడకురా,” అని మెట్లు దిగి వెళ్ళిపోయాడు.

సోమవారానికి నీళ్ళు తగ్గాక గండి దగ్గర గట్టు లోపల ఎండ్రకాయల బొరియలు మోచేతి లోతున కనిపించాయి. గట్టు ఎవరు చూసుకోవాలన్నది వేరే విచారణ. అది చాలా ఏళ్ళు నడిచింది.

బుల్లబ్బాయి ఉద్యోగం నిలబడింది, ఇల్లు నిలబడింది. పుస్తకం తప్పుడు ఉద్దేశంతో దిద్దలేదని ఇంజనీరు రాశారు. అయితే వరండాలో తెగని వాదనను కాగితం మీద తెంచేశారు. ఆ కాలవ మీది లాకులన్నిటికీ ఒక ఉత్తర్వు వచ్చింది: రాసిన అంకె మీద గీత పడితే, తర్వాత రాసింది అదే అంకె అయినా సరే, దిద్దినట్టే లెక్క. రిమార్కు రాయాలి. అదే రోజు సూపరింటెండెంటు సంతకం ఉండాలి. కారణం విడిగా కాగితం మీద రాసివ్వాలి.

ఆ ఉత్తర్వు తప్పని చెప్పలేం. మరొకచోట మరొక లస్కరు అంత నిక్కచ్చిగా ఉంటాడని ఏముంది? కానీ పొద్దుటి గేజికీ, సాయంత్రం గేజికీ జగన్నాథరావు ఇంటి దగ్గరే ఉంటాడు, ఆ ఇల్లు లాకుకు మైలున్నర దూరం. సంతకానికి వెళ్ళినప్పుడల్లా, ఏం మారిందయ్యా అని ఆయన అడుగుతాడు. ఏం మారలేదండీ అని బుల్లబ్బాయి చెప్పాలి. మరెందుకు వచ్చావని ఆయన అంటాడు. మొదటి నెలలో ఇది మూడుసార్లు జరిగింది.

బుల్లబ్బాయి 1985లో రిటైరయ్యాడు. అతను అప్పగించిన గేజి పుస్తకాల్లో ఆ శనివారానికి ముందు, అంకె అదే ఉండి గీత పడ్డ చోట్లు నలభై దాకా ఉన్నాయి. వాటిలో చాలావరకు రెండో అంకె ఊదారంగులో ఉంది. 1978 అక్టోబరు తర్వాత అలాంటిది ఒక్కటీ లేదు. పేజీలన్నీ బూడిదరంగులో, గీతల్లేకుండా, శుభ్రంగా ఉన్నాయి.

రిటైరయ్యాక, రెండోసారి దిగి చూడటం మానేశావా అని ఎవరో అడిగితే, మానలేదన్నాడు. దిగి, తుడిచి చూసేవాడినని, అంకె అదే ఉంటే పైకొచ్చి పుస్తకం ముట్టుకునేవాణ్ణి కాదని చెప్పాడు. పెన్సిలు పట్టుకునే ముందు చెయ్యి పంచెకి తుడుచుకోవడం కూడా అలవాటు చేసుకున్నాడట.