శంకరమ్మక్క చెప్పిన ఉమ్మడి లెక్క

అగరొత్తి నుంచి రాలిన బూడిద ఇవాళ పొద్దున వేలికి అంటింది. ఆ మెత్తదనానికే శంకరమ్మక్క గుర్తొచ్చింది. గద్వాలలో మా పక్కింటి ఆడపడుచు. చిన్న వయసులోనే భర్త పోతే అన్న ఇంటికి తిరిగొచ్చింది. ఆ భర్త ఆదోనిలో బడిపంతులు. బీజగణితం ఆమెకు ఇంట్లోనే నేర్పాడట. అది నిజాం కాలం, మా బడిలో చదువంతా ఉర్దూ. అర్థం కాలేదన్నందుకు "మగ్గపోనికి లెక్కలెందుకురా" అని పంతుళ్లు నన్ను బడి నుంచి తరిమారు. ఆ మాట ఇప్పటికీ మండుతుంది. మీసాలొచ్చాక, మగ్గం నేస్తూనే, అక్క దగ్గర మళ్లీ మొదలుపెట్టాను.

ఆమె మా ఇంటికి అచ్చు అతకడానికి వచ్చేది. చీర కోశాక, మగ్గానికుండే దువ్వెనలాంటి అచ్చులో మిగిలిన పాత పోగుల కొసలకు కొత్త పడుగు పోగుల్ని ఒక్కొక్కటే మెలిపెట్టే పని అది. వేళ్లు జారకుండా బూడిద రాసుకునేది. ఒకనాడు ఆ బూడిదనే పీట మీద పరిచి, వేలితో 3క + 6కగ అని రాసింది.

"రెండిట్ల ఉమ్మడిగ ఉన్నదేంది తమ్మీ?"

"మూడు క."

"తీసి బయట పెట్టు. లోపల?"

నేను 3క(2గ) అని రాశాను. "మొదటిది మొత్తం బయటికొచ్చె గదక్కా. ఇగ ఏం మిగుల్తది?"

"ఓయబ్బ! చీర కోసినంక అచ్చు ఖాళీ చేస్తవా నువ్వు?"

"ఎట్ల చేస్త? కొత్త పడుగు దేనికి అతుకుతవ్ మరి?"

"గిది గూడ గంతే. మూడు 'క'ను మూడు 'క'తోని భాగిస్తే ఒకటి. దాన్ని ఉంచు." 3క(1 + 2గ) అని దిద్ది, ఆ బూడిద చేత్తోనే నా నెత్తిన మొట్టింది.

మొగుడు లేని ఆడది మగవాడికి పాఠాలు చెప్పడమేమిటని వీధి నోరు చేసుకుంది. వాళ్లన్న ఆమెను నాగర్‌కర్నూల్‌లో మేనమామ ఇంటికి పంపేస్తానన్నాడు. వెళ్లి అడిగాను.

"అన్నా, అక్క పోతే నా చదువు ఆగిపోతది. ఆమె చేసిన తప్పేంది?"

"తప్పున్నదని నేనన్ననా? వాడకట్టుల తలెత్తుకొని తిరగాలె గద నేను."

బండెక్కుతూ అక్క నన్ను పిలిచింది. "మిగిలినయి నువ్వే చేస్కో తమ్మీ. బయట పెట్టినదాన్ని లోపలి వాటితోని మళ్ల గుణించు. మొదటిదే వస్తే సరే. ఇగ ఎవ్వర్నీ అడిగే పని లేదు, నన్ను గూడ."

వాళ్లంతా తలెత్తుకునే తిరిగారు. ఆమె కబురే మళ్లీ తెలియలేదు. పుస్తకాలు అడుక్కుని, వర్గ సమీకరణాల దాకా ఒక్కణ్ణే వెళ్లాను. ఇప్పటికీ ప్రతి లెక్కా గుణించి చూస్తాను. సరిగ్గానే వస్తుంది. "వచ్చిందక్కా" అని పైకే అంటాను.