అంకుల్ చెప్పిన లాయరు

మేము న్యూజీలాండ్‌లోని ఆక్లాండ్‌లో, మౌంట్ రాస్కిల్‌లో ఉంటున్న రోజులవి. విడిపోవాలని మా ఆయనా నేనూ ఎవరికి వాళ్లమే అనుకుంటున్నాం కానీ, ఒకరికొకరం చెప్పుకోలేదు.

అక్కడి తెలుగువాళ్లం అద్దెకి ఇల్లు కావాలన్నా, పూజకి పంతులుగారు కావాలన్నా ఒక అంకుల్‌నే అడిగేవాళ్లం. నేనూ ఆ అంకుల్‌నే పక్కకి పిలిచి, "విడాకులు చూసే లాయరు ఎవరైనా ఉన్నారా? మా ఆయనకి మాత్రం చెప్పకండి" అన్నాను.

"నా నోటి నుంచి రాదమ్మా" అంటూ ఒక కివీ లాయరమ్మ పేరు చెప్పారు.

జాగ్రత్త కోసం పుట్టింటి ఇంటిపేరుతో అపాయింట్‌మెంట్ తీసుకుని, సరుకులకని చెప్పి బస్సెక్కాను. ఆఫీసులో కూర్చున్నానో లేదో లోపలి తలుపు తెరుచుకుంది. కారు సర్వీసింగ్‌కని పొద్దున్నే వెళ్లిన మా ఆయన, లాయరమ్మకి థ్యాంక్స్ చెబుతూ బయటికొచ్చారు!

ఈయన మా ఆయనేనని లాయరమ్మకి చెప్పాల్సొచ్చింది. సంగతి తెలిశాక లాయరమ్మ, "సారీ, ఆయన కేసు విన్నాను కాబట్టి మీది తీసుకోకూడదు. మీరు వేరే లాయర్ని చూసుకోవాలి" అంది.

బయట వాన. తప్పక ఆయన కారే ఎక్కాను. ఆ లాయరమ్మ పేరు ఆయనకీ అంకులే చెప్పారట. వెంటనే ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి అంకుల్‌ని కడిగేశాను.

అంకుల్ నొచ్చుకున్నారు. "ఒకరి సంగతి ఒకరికి చెప్పొద్దని ఇద్దరూ మాట తీసుకున్నారు. నేను చెప్పలేదుగా! నాకు తెలిసిన లాయరు ఆవిడొక్కరే."

ఫోన్ పెట్టేశాక మా ఆయన, "ఇంకెప్పుడూ ఈయన్ని ఏదీ అడగొద్దు" అన్నారు.

"అడగొద్దు" అన్నాను.

తర్వాత నా లాయర్ని నేనే వెతుక్కున్నాను. విడాకులూ అయ్యాయి. మా కాపురం మొత్తమ్మీద వాదన లేకుండా ఇద్దరం ఒప్పుకున్నది ఆ ఒక్క మాటే.