ఒకే తూకం పడవలు

నా చిన్నప్పుడు నాకు ఓడిపోవడం చేతనయ్యేది కాదు. ఇవాళ మా వీధిలో షటిల్ ఆడి ఓడిన పెద్దమనుషులు బ్యాట్‌ని తిట్టుకుంటూ ఇళ్లకు పోతుంటే అసహ్యమేస్తుంది. ఆ గుంపులో నేనూ ఒకదాన్నే కాబట్టి వాళ్లను ఇట్టే గుర్తుపడతాను.

మా చినతాతయ్య బొంబాయిలో పందెం పడవలు బాగుచేసే వడ్రంగి. పని మానేసి మార్టూరు పక్కన మా ఊరికి వచ్చాక ఆయన నోట ఎప్పుడూ ఒక రకం తెరచాప పడవ మాటే. ఎప్పుడో ముత్తాతల నాడు గీసిన కొలతలతోనే దాన్ని ఇప్పటికీ చేస్తారట. పొడవు, తెరచాప, గాలికి ఒరిగిపోకుండా అడుగున బిగించే సీసం, అన్నీ ఒకటే. పందేనికి ముందు తూకం కూడా వేస్తారట. డబ్బున్నవాడు కొత్తది కొనుక్కొచ్చినా ముసలి పడవ చేతిలో ఓడుతుంటాడని, అందుకే ఆ పందెం మీద జనానికి మోజు తీరలేదని చెప్పేవాడు. పొలాలకే నీళ్లు లేక చస్తుంటే ఈయనకు పడవలేంటని ఊళ్లోవాళ్లు నవ్వేవారు. వాళ్లకు అంతకంటే తెలిసి చావదు.

ఆయన నాకూ, పక్కింటి దర్జీ గారి అమ్మాయికీ అచ్చం అలాంటివే మూరెడు పడవలు రెండు చేసిచ్చాడు. తెరచాపలు దర్జీ గారే కుట్టారు. రాళ్లు తీసి వదిలేసిన క్వారీ గుంటలో వాననీళ్లు నిలిస్తే అందులో పందెం వేసుకునేవాళ్లం. ఆ పిల్ల ముందు గాలి ఎటు తిరుగుతోందో చూసి, తెరచాప తాడు సరిచేసి, అప్పుడు వదిలేది. నేను వదిలేసి అరిచేదాన్ని. వరసగా నాలుగు రోజులు ఓడిపోయాను.

ఐదో రోజు, "దీని పడవలో సీసం ఎక్కువుంది తాతయ్యా. వాళ్ల నాన్న మోసంగా పెట్టుంటాడు," అన్నాను. తూకం పెరగాలని పత్తి బస్తాలకు నీళ్లు చల్లి కాటా ఎక్కించే ఇంట్లో పుట్టినదాన్ని, నాకు ఇంకేం తోస్తుంది. ఆ పిల్ల ముఖం చిన్నబోయింది.

తాతయ్య మమ్మల్ని మా ఇంటికి తీసుకెళ్లి, రెండు పడవల్నీ తక్కెడలో చెరోవైపు పెట్టాడు. ముల్లు కదల్లేదు. "సరే, పడవలు మార్చుకోండి," అని మళ్లీ గుంట దగ్గరికి నడిపించాడు. ఆ పిల్ల పడవతో కూడా నేనే ఓడాను.

"ఇప్పుడు ఏ వంక చెబుతావే?" అన్నాడు తాతయ్య. ఆ గొంతులోని చులకన ఇప్పటికీ వినబడుతుంది. తప్పయిందని ఒక్క మాట ఆ పిల్లతో అంటే సరిపోయేది. నేను అనలేదు. ఆ పిల్ల నా పడవ నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది. మళ్లీ గుంట దగ్గరికి రాలేదు.

ఆ తర్వాత రోజూ నేనే గెలిచాను. పోటీకి ఎవరూ లేరు మరి. ఇప్పటికీ నన్నెవరైనా గెలిచావని మెచ్చుకుంటే, అవతల ఎవరైనా మిగిలారా అని ముందు చూసుకుంటాను.