తనూజ పరీక్ష గుడ్డ

కాశీబుగ్గలో నా కుట్టుమెషిన్ కొట్టుకు పక్క వాటాలోనే బొడ్డమ్మ ఉంటుంది. జీడి ఫ్యాక్టరీలో పిక్కలు కొట్టే మనిషి. మొగుడు లారీ మీద తిరుగుతుంటాడు, ఇంటికొచ్చేది చుట్టపుచూపుగానే. ఒక్కగానొక్క కూతురు తనూజ నా మెషిన్ కిందే పెరిగింది. నేను పారేసిన జాకెట్టు ముక్కలన్నీ ఏరుకుని, ఒకదాని పక్కన ఒకటి పేర్చి, "అత్తా, ఈ రెండు రంగులూ దెబ్బలాడుకుంటన్నాయి సూడు" అనేది. పలకా బలపం పట్టే వయసులో ఆ మాటలేమిటని నాకు నవ్వొచ్చేది.

ఇంటర్ అయ్యాక నర్సింగులో చేరుతుందనుకున్నాం. విశాఖపట్నంలో బట్టల డిజైన్ కాలేజీ అంది. వీధిలో ఆడాళ్ళంతా బుగ్గలు నొక్కుకున్నారు. వాళ్ళ మేనమామ పోలారావైతే నా కొట్టు ముందే నిలబడి, నన్ను చూపిస్తూ, "గుడ్డలకి డిగ్రీ ఏటే? మీ తబితత్త ఏ కాలేజీకెల్లిందే?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. నేను కుట్టేది వేరు, అది చదవబోయేది వేరు అని చెప్పినా ఆ బుర్రకెక్కదు. బొడ్డమ్మ మాత్రం, "దానికిష్టమైంది సదువుకోనీ అన్నా" అని లోపలికి వెళ్ళిపోయింది.

చదువు ఆఖర్న వాళ్ళకి పెద్ద పరీక్ష. రాసేది కాదు. ఒక గుడ్డ సొంతంగా తయారుచేసి, బయటి నుంచి వచ్చిన పెద్దల ముందు వేలాడదీసి, అడిగిన వాటికి జవాబు చెప్పాలి. మొదట నిలిచిన పిల్లకి పై చదువు సీటు, హాస్టలు అన్నీ కాలేజీవాళ్ళే చూస్తారు. ఆ సీటు రాకపోతే తనూజ చదువు అక్కడితో సరి. ఇంక లాగే ఓపిక బొడ్డమ్మకు లేదని మా అందరికీ తెలుసు.

ఆ గుడ్డకు రంగు మా ఊరిదే. జీడిపప్పు మీద పల్చటి ఎర్రపొట్టు ఉంటుంది కదా, దాన్ని బొడ్డమ్మ ఫ్యాక్టరీ నుంచి గోనెసంచితో మోసుకొచ్చింది. మరగబెట్టి చల్లారిస్తే మట్టిరంగు నీళ్ళు, అందులో తుప్పునీళ్ళు కలిపితే నలుపు. తెల్లగా ఉండాల్సిన చోటల్లా ముందే మైనం పూసి తనూజ ఆ నీళ్ళలో గుడ్డను ముంచింది. గుడ్డంతా తుఫానుకు కూలిపోయిన మా ఉద్దానం కొబ్బరిచెట్లు, నల్లటి నేల మీద తెల్లగా పడున్నాయి. మా పుట్టింటివాళ్ళ తోట మందస దగ్గర అలాగే పడింది. చూడగానే నాకు ఏడుపొచ్చింది. చుట్టూ తెల్లటి అంచు వదిలింది. ఆ అంచు మడిచి కుట్టమని నాకు తెచ్చిచ్చింది. కుట్టి సాయంత్రానికి బొడ్డమ్మ చేతిలో పెట్టాను.

బొడ్డమ్మావాళ్ళ ఇళ్ళల్లో ఏ కొత్తగుడ్డకైనా మూలల్లో పసుపు పెట్టాకే వాడతారు. మాది బాప్టిస్టు సంఘం, మాకు ఆ అలవాటు లేదు. కానీ నా దగ్గరకొచ్చే చీరల్లో సగానికి పైగా ఆ పసుపు మరక చూస్తూనే ఉంటాను. బొడ్డమ్మ కూడా పసుపు తడిపి, కూతురి గుడ్డకు నాలుగు మూలలా బొట్లు పెట్టి, దేవుడికి చూపించి, మడిచి సంచిలో పెట్టింది. కూతురితో ఒక మాట అనాలని కూడా తోచలేదు. కొత్తగుడ్డకు పసుపు పెట్టడానికి ఎవరైనా ఎవర్నైనా అడుగుతారా?

పొద్దున్న రైలుకు బయల్దేరబోతూ తనూజ సంచి విప్పింది. అరుపు నా కొట్లోకి వినిపించింది.

"ఓలమ్మో! ఏటిది? ఏటి సేసినావే?"

"కొత్తగుడ్డ కదమ్మా. పెద్దోల్ల ముందుకెల్తంది. సుబమని పెట్టాను."

"నీకేటి తెలుసని ముట్టుకున్నావు? తెలుపు తెలుపుగానే ఉండాలి! సబ్బెట్టి కడిగితే పసుపు ఎర్రబడిపోతాది, నానబెడితే నలుపు దిగిపోతాది. ఇప్పుడేటి సెయ్యమంటావు?"

తనూజ సరాసరి నా కొట్లోకి వచ్చి కత్తెర అందుకుంది. "ఆగే గుంటా, కొయ్యకు!" అంటూనే ఉన్నాను. కసక్కు కసక్కుమని నాలుగు మూలలూ కోసేసింది. మళ్ళీ మడిచి కుడదామంటే ఆటోవాడు హారన్ కొడుతున్నాడు. అలాగే పట్టుకుపోయింది.

సీటు రాలేదు. ఇంకెవరికో ఇచ్చారు. తనూజ తిరిగొచ్చి గుమ్మంలో చెప్పులైనా విప్పకుండా, "నీ పసుపే నా సీటు తినీసింది" అంది తల్లితో.

ఆ మాట బొడ్డమ్మను పట్టుకుని వదల్లేదు. ఎదురింటి ధనలక్ష్మి కూతురి పెళ్ళికి పసుపు దంచడానికి రమ్మంటే, "నా సెయ్యి మంచిది కాదు" అని పని ఉన్నట్టు ఫ్యాక్టరీకి వెళ్ళిపోయింది. కూతురి బట్టలు ఆరితే తీసి మడతపెట్టడానికి కూడా నన్నే పిలిచేది. ఎంత పిచ్చిదానివే అని తిట్టేదాన్ని, వినేది కాదు.

తనూజ ఇప్పుడు విశాఖపట్నంలో ఒక చీరల కంపెనీలో చేస్తుంది. కంప్యూటర్ మీద పాత పువ్వుకు కొత్త రంగు మార్చడం దాని పని. మూడేళ్ళైంది. పోయిన నెల వచ్చి నా కొట్లో కూర్చుని, ఉన్నట్టుండి కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"అత్తా, సీటు పసుపు వల్ల పోలేదు."

"మరేటి?"

"ఒక మూల కొంచెం పచ్చగా మిగిలిపోయింది. మూలలెందుకు కోసేసినావు, ఇదేటని అడిగారు. హాస్టల్ల కూర ఒలికిందన్నాను. ఇంత పని సేసి గుడ్డ జాగర్తగా పెట్టుకోడం రాదా అని పక్కనెట్టీసారు. మొన్న మా కాలేజీ మేడమ్ బజార్ల కనిపించింది. నిజం సెప్పీసాను. పిచ్చిదానా, మీ అమ్మ పసుపెట్టిందని ఉన్నదున్నట్టు సెప్పుంటే ఒక్క మార్కూ తగ్గించీవోల్లు కాదు, సీటు నీదే అన్నాది."

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది. "మూడేళ్ళ నుంచి మీ యమ్మ తన సేతుల్ని తనే తిట్టుకుంటంది, కనపడ్లేదేటే? లెగు. ఇప్పుడే ఎల్లి సెప్పు" అని రెక్క పట్టుకుని తీసుకెళ్ళాను. ఇది చెబితే బొడ్డమ్మ గుండె మీది బరువు దిగిపోతుందనుకున్నాను. నిజంగా అలాగే అనుకున్నాను.

బొడ్డమ్మ నూతి గట్టు దగ్గర నెత్తళ్ళు బాగుచేస్తోంది. తనూజ ఎదురుగా చతికిలబడి అంతా చెప్పింది. "నీ తప్పేటీ లేదమ్మా. నానే అబద్దమాడాను" అని ఏడ్చింది.

బొడ్డమ్మ చేతిలో చేప కింద పెట్టింది.

"మరెందుకు సెప్పలేదే, మా యమ్మ పెట్టిందని?"

"అందరూ ఇంగ్లీషులో మాటాడతన్నారు. పిల్లలందరి అమ్మానాన్నలూ వచ్చి ఎనకాల కూకున్నారు. సిగ్గేసింది."

"పసుపు గురించి సెప్పడానికా, నా గురించి సెప్పడానికా?"

తనూజ తల వంచుకుంది. ఏదో ఒకటి అనవే అని నేను లోపల్లోపల మొత్తుకున్నాను.

బొడ్డమ్మ మళ్ళీ చేప చేతిలోకి తీసుకుంది.

"నా సెయ్యి వల్లే పోయిందనుకున్నాను ఇన్నాళ్ళూ" అంది. "అదే బాగుండేదమ్మా."