లేపే మనిషి

మా ఆయన లిఫ్టుల మెకానిక్కు. నగరంలో పదిహేడు భవనాల లిఫ్టులు ఆయన చేతి మీద నడిచేవి. ఏ లిఫ్టు మూడో అంతస్తు దగ్గర ఒకసారి ఉలిక్కిపడుతుందో, ఏది తలుపు మూసుకునే ముందు నసుగుతుందో, ఇంట్లో పిల్లల అలవాట్లు చెప్పినట్టు చెప్పేవారు. అంతకు మించి మాటలు తక్కువ. పెళ్లయిన కొత్తలో ఆ మౌనం వెనక ఏదో లోతు ఉందనుకున్నాను. కొన్నేళ్లకు ఏమీ లేదనుకున్నాను. ఆయన పోయి ఏడు నెలలైంది. ఇప్పుడు ఉందో లేదో తేల్చుకోలేకుండా ఉన్నాను. రాస్తే తేలుతుందన్న నమ్మకం కూడా లేదు.

మాది చిన్న సంఘం. బ్యాటరీల దుకాణం మీద, రెండో అంతస్తులో ఒకటే హాలు. పద్నాలుగు బెంచీలు, రెండు ఫ్యాన్లు, గరగరలాడే ఒక మైకు. ఆదివారం పాతికమంది వస్తే హాలు నిండిందని మురిసిపోయేవాళ్లం. పాస్టరుగారు మూడు సంఘాలకు ఒక్కరే. మా దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు సగం అరిగిపోయి ఉండేది. సంఘపెద్ద ఒక రిటైరైన పోస్టుమాస్టరు. ఉద్యోగం పోయినా ముద్ర కొట్టే అలవాటు పోలేదు. ఏ మాట చెప్పినా చివర్లో బల్ల మీద అరచేత్తో ఒక దెబ్బ వేసేవారు. మా ఆయన దగ్గర హాలు తాళంచెవి ఉండేది. సంఘంలో ఆయన హోదా అంతే.

ఆయన పనిచేసే భవనాలన్నీ ఆ చుట్టుపక్కలే కాబట్టి, మధ్యాహ్నం ఒంటిగంటకు హాలు తెరిచి తలుపు దగ్గర బెంచీ మీద కూర్చుని క్యారియర్ తినేవారు. ఒకరోజు ఎదురుగా ఉన్న బట్టల ఫ్యాక్టరీలో కాజాలు కుట్టే ఆవిడ మంచినీళ్ల కోసం మెట్లెక్కి వచ్చింది. తాగి, ఒక్క నిమిషం కూర్చుంటానని బెంచీ మీద కూర్చుని, అలాగే ఒరిగిపోయింది. మా ఆయన చప్పుడు కాకుండా క్యారియర్ మూత పెట్టి, ఫ్యాను పెంచి, ఆవిడ లేచేదాకా కదలకుండా కూర్చున్నారు. ఆవిడ లేచేసరికి మూడు కావస్తోంది. ఆ పూట సూపర్‌వైజరు లోపలికి రానివ్వలేదు. ఆవిడ మిషను మీద వేరే ఆవిణ్ణి కూర్చోబెట్టి వారం రోజులు ఇంటికి పంపేశాడు.

మర్నాడు ఆవిడ మళ్లీ మెట్లెక్కి వచ్చి ఆయన్ని ఒకటే అడిగిందట.

“అక్కడే కూచుని చూస్తున్నావు కదన్నయ్యా. లేపొచ్చు కదా.”

ఆ రాత్రి ఆయన సరిగ్గా తినలేదు. మంచే చేశాననుకున్నానే, అని పదిసార్లు అన్నారు. చివరికి నాకు చిరాకేసి, వెళ్లి ఆవిడకు ఆ మాటే చెప్పుకోండి అన్నాను. ఆయన చెప్పుకోలేదు. కాజాలక్క మళ్లీ పనిలో చేరాక కబురు పెట్టారు. రోజూ వచ్చి పడుకో, టైము చెప్పు, నేను లేపుతాను, అని.

కాజాలక్క వెంట ఆసుపత్రి ఆయా వచ్చింది. ఆయా వెంట బ్యాంకు వాచ్‌మన్, అతని వెంట పార్సిళ్లు మోసే ఇద్దరు. ఏడాది తిరిగేసరికి పదకొండుమంది అయ్యారు. హాల్లో ముందువైపు ఆదివారం పాటల నంబర్లు పెట్టే చెక్కపలక ఒకటి ఉంది. మిగతా రోజుల్లో అందులో వీళ్ల టైములు ఉండేవి. ఒకటీ నలభైకి లేవాల్సిన మనిషి ఒకటి, నాలుగు, సున్నా అట్టముక్కలు పెట్టి పడుకోవడమే. ఆ నిమిషానికి మా ఆయన వెళ్లి, తల పక్కన బెంచీ చెక్క మీద వేలితో రెండుసార్లు తట్టేవారు. ఒంటి మీద చెయ్యి వేసేవారు కాదు, పేరు పెట్టి పిలిచేవారు కాదు. ఆరేళ్లలో ఒక్కరినీ ఆలస్యంగా లేపలేదని వాళ్లు చెబుతారు. ఇంట్లో మాత్రం నలభై ఏళ్లూ ఆయన్ని లేపింది నేనే, రెండు కేకలేస్తే గాని కదిలేవారు కాదు.

ఇది సంఘం పనో కాదో మాలో ఎవరికీ తెలియదు. ఆ పదకొండుమందిలో బాప్తిస్మం తీసుకున్నవాళ్లు ఇద్దరే. మిగిలినవాళ్లకు సువార్త చెప్పారా అని పాస్టరుగారు ఒకసారి అడిగితే, వాళ్లు వచ్చేదే పడుకోవడానికి కదండీ అన్నారు మా ఆయన. పాస్టరుగారు ఇంకో ప్రశ్న వేయబోయి, ఏం వేయాలో తెలియక బండి స్టార్టు చేశారు. పోస్టుమాస్టరుగారికి మాత్రం ఇది కంట్లో నలుసు. మందిరాన్ని రైల్వే వెయిటింగ్ హాలు చేశాడని కనబడ్డ ప్రతివాళ్లతో అనేవారు. అయినా ఎవరూ ఆపలేదు. ఎలా ఆపాలో కూడా మాకు తెలియదు.

అప్పుడు కేంద్ర సంఘం ఆఫీసు నుంచి ఉత్తరం వచ్చింది. చిన్న సంఘాలు ఎక్కువైపోయాయట. ప్రతి సంఘమూ తన ఉద్దేశం ఏమిటో ఒక పేజీలో రాసివ్వాలి. ఒక పరిశీలకుడు వచ్చి చూస్తాడు. ఉద్దేశం స్పష్టంగా లేని సంఘాలను ఊరి అవతలి పెద్ద చర్చిలో కలిపేస్తారు. అక్కడికి రెండు బస్సులు మారాలి. మాలో సగంమంది ముసలివాళ్లు, రెండో బస్సు దాకా వెళ్లలేరు. పైగా ఈ హాలు ఖాళీ చేయాలి.

పరిశీలకుడికి వేరే రోజు కుదరదని గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకూ రెండింటికీ మధ్య వస్తానని రాశాడు. అది చదివి పోస్టుమాస్టరుగారు బల్ల మీద దెబ్బ వేయడం కూడా మర్చిపోయారు.

కాగితం రాసే పని నా మీద పడింది. అచ్చు ప్రెస్సులో ప్రూఫులు దిద్దినదాన్ని కాబట్టి నాకు భాష వచ్చని వాళ్ల నమ్మకం. ఆరాధన, సువార్త, సహవాసం, సేవ అని నాలుగు పేరాలు రాశాను. నాకే ముచ్చటేసింది. మా ఆయన మూడుసార్లు చదివారు.

“బాగుంది. ఏ సంఘానికైనా సరిపోతుంది.”

అది మెచ్చుకోలో దెప్పుపొడుపో అప్పుడూ తెలియలేదు, ఇప్పుడూ తెలియదు. ఆయన మొహం చూస్తే ఆయనకూ తెలిసినట్టు లేదు.

ఇక నిద్రపోయేవాళ్ల సంగతి. గురువారం ఒక్కరోజు రావద్దని చెప్పమన్నారు పోస్టుమాస్టరుగారు. అంతమంది ఆ పూట ఎక్కడికి పోతారన్నారు మా ఆయన. ఇద్దరూ గంటసేపు వాదించుకున్నాక పెద్దాయనే ఒక ఉపాయం చెప్పారు. నేను దగ్గగానే అందరూ మోకరించి, ముందు బెంచీ మీద తల ఆన్చాలి, పరిశీలకుడు వెళ్లేదాకా ఎవరూ కదలకూడదు, అని. బుధవారం నాడు రెండుసార్లు చేయించి చూశారు కూడా. ఇలా అయితే నడుంనొప్పి తగ్గేలా ఉంది మామయ్యగారూ అంది కాజాలక్క. నవ్వొద్దని కసిరారు పెద్దాయన. మా ఆయన ఆ పక్కనే నిలబడి ఉన్నారు. సరే అనలేదు, వద్దూ అనలేదు.

గురువారం నేనూ వెళ్లి వెనక బెంచీలో కూర్చున్నాను. ఒకటీ ఇరవైకి పరిశీలకుడు వచ్చాడు. సన్నగా, పొడుగ్గా, భుజాన సంచీతో అలిసిపోయినట్టున్నాడు. పాస్టరుగారు ఇంకో సంఘంలో పెళ్లి జరిపిస్తున్నారు, రాలేదు. పోస్టుమాస్టరుగారు దగ్గారు. పదకొండుమందీ ఒక్కసారిగా మోకాళ్ల మీదికి వచ్చి తలలు ఆన్చారు. రెండు నిమిషాల్లో ఆ తలలు బరువెక్కాయి. అలవాటైన వేళ, అలవాటైన ఫ్యాను గాలి. నిద్రపోయారు.

పరిశీలకుడు నడవ మధ్యలో నిలబడిపోయాడు. చెప్పులు విడిచాడు. కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

“మోకరించి ఇంత నిశ్శబ్దంగా ప్రార్థించే సంఘాన్ని చూసి ఎన్నేళ్లయిందో,” అన్నాడు గుసగుసగా.

పోస్టుమాస్టరుగారి మొహం వెలిగిపోయింది. ఆయన గెలిచారు. మేమంతా గెలిచినట్టే. నా గుండె మీంచి బరువు దిగిపోయింది, నిజం చెప్పాలిగా. పరిశీలకుడు పలక మీది నంబర్లు చూసి, పాటల పుస్తకం తీసి నూట నలభయ్యో పాట వెతుక్కుని తనలో తాను చదువుకుంటున్నాడు.

అప్పుడు నేను గడియారం చూశాను. ఒకటీ ముప్పై ఎనిమిది. మా ఆయన కూడా చూశారు. పెద్దాయన కళ్లతో వద్దన్నారు. మా ఆయన నా వైపు తిరిగారు. నేనూ తల అడ్డంగా ఊపాను. అది దాచాలని లేదు. పది నిమిషాలు ఆగితే పరిశీలకుడు వెళ్లిపోయేవాడు.

మా ఆయన లేచారు. కాజాలక్క బెంచీ దగ్గరికి వెళ్లి రెండుసార్లు తట్టారు. ఆవిడ కదల్లేదు. మళ్లీ తట్టారు. బుగ్గ మీద బెంచీ అంచు అచ్చు పడిన మొహం ఎత్తి చూసింది.

“అప్పుడే అయిందా అన్నయ్యా?”

ఆవిడకు పరిశీలకుడూ గుర్తు లేడు, పోస్టుమాస్టరుగారి పాఠమూ గుర్తు లేదు. చెంగు సర్దుకుని, జరగండి సార్ అని ఆయన్ని పక్కకు తప్పించి మెట్లు దిగిపోయింది.

“ఆవిడ ప్రార్థన అయిపోయిందా?” అడిగాడు పరిశీలకుడు.

“ప్రార్థన కాదండీ, నిద్ర. ఒకటీ నలభైకి లేపమంది,” అన్నారు మా ఆయన.

“మరి వీళ్లంతా?”

“వీళ్లకింకా టైముంది.”

పెద్దాయన గోడకు చేరబడ్డారు. పరిశీలకుడు పాటల పుస్తకం మూసేశాడు. అయితే మీ సంఘం ఉన్నది దేనికి, అని అడిగాడు. కోపంగా అడగలేదు. నిజంగానే తెలుసుకోవాలన్నట్టు అడిగాడు. నేను రాసిన కాగితం మా ఆయన జేబులోనే ఉంది.

“అది నాకు తెలీదండీ. మా ఆవిడ బాగా రాసింది, చూస్తారా?”

కాగితం అతని చేతిలో పెట్టి, గడియారం చూసి, ఆయాను లేపడానికి వెళ్లిపోయారు. పరిశీలకుడు రెండింటిదాకా కూర్చుని, ఒక్కొక్కరూ లేచి వెళ్లడం చూశాడు. పోతూ పోతూ మెట్ల దగ్గర నన్ను ఆపి, వీళ్లలో విశ్వాసులెంతమంది అన్నాడు. ఇద్దరన్నాను. మరి మీ ఆయన, అన్నాడు. ముప్పై ఏళ్లుగా ప్రతి ఆదివారం నా పక్కన కూర్చుంటున్న మనిషి. నేను నోరు తెరిచేలోపు అతను దిగిపోయాడు.

ఇంటికి వచ్చాక అడిగేశాను, ఇంకో పది నిమిషాలు ఆగితే ఏం పోయేదని.

“ఆవిడ మిషను పోయేది.”

“సంఘం పోతే?”

అన్నం ముద్ద తిరిగి కంచంలో పెట్టేశారు. “నాకూ అదే అర్థం కావడం లేదు. టైమైంది, లేచాను,” అన్నారు. 

ఆరు వారాలకు ఉత్తరం వచ్చింది. పోస్టుమాస్టరుగారు ఆదివారం ఆరాధన అయ్యాక అందరి ముందూ చదివారు. ఈ సంఘం ఉద్దేశం మాకు స్పష్టం కాలేదు. ఆదివారం ఆరాధనకు ఇరవై ఆరుగురు, మధ్యాహ్నం నిద్రకు పదకొండుమంది వస్తున్నారు. ఏడాది తర్వాత మళ్లీ చూస్తాము. అంతే. చదివాక చప్పట్లు కొట్టాలో, ఏడవాలో ఎవరికీ తెలియలేదు. పాస్టరుగారు క్లుప్తంగా ప్రార్థన చేశారు. అందులో కృతజ్ఞతలూ ఉన్నాయి, క్షమాపణలూ ఉన్నాయి. మా ఆయన ఉత్తరం తీసుకుని, లిఫ్టు కాగితాలు చదివినట్టు వేలు పెట్టి ఒక్కో మాటా చదివి, మడిచి ఇచ్చేశారు.

ఆ ఏడాది గడవకముందే ఆయన కాలేయం చెడింది. ఆసుపత్రిలో పదకొండు రోజులున్నారు. ఆయా తన డ్యూటీ మార్పించుకుని ఆ వార్డులోనే ఉంది. సమాధి కార్యక్రమం మధ్యాహ్నం పెట్టాం కాబట్టి పదకొండుమందీ రాగలిగారు. ఒంటిగంటకు వచ్చి, రెండింటికల్లా ఒక్కొక్కరే పనికి వెళ్లిపోయారు. నాకు కష్టమనిపించింది. తర్వాత ఆయన బతికుంటే వాళ్లను ఆ టైముకు పంపేసేవారేనని తోచింది. దానికి సంతోషించాలో ఏమో తెలియలేదు.

ఇప్పుడు మధ్యాహ్నాలు హాలు నేనే తెరుస్తున్నాను. తాళంచెవి మా ఇంట్లోనే ఉంది కాబట్టి. ఏడాది గడువు అయిపోయి నాలుగు నెలలైంది. పరిశీలకుడు రాలేదు, ఉత్తరమూ రాలేదు. మూసేయమని లేదు, నడుపుకోమనీ లేదు. మర్చిపోయారో, ఒప్పుకున్నారో, ఇంకా ఆలోచిస్తున్నారో తెలియదు. పోయిన ఆదివారం ఈ విషయం మీదే కమిటీ కూర్చుంది. సంగతి ఏమిటో తేల్చమని ఆఫీసుకు ఉత్తరం రాయాలని పోస్టుమాస్టరుగారు పట్టుబట్టి, ఒక తెల్లకాగితం తీసి బల్ల మీద పెట్టి గట్టిగా దెబ్బ వేశారు. పాస్టరుగారు నా వైపు చూశారు. రాయమంటే రాస్తానన్నాను. ఏం రాయాలో మాత్రం నాకు తోచడం లేదు.

ఆయా బాప్తిస్మం తీసుకున్న ఇద్దరిలో ఒకతె. తలుపు దగ్గర నిలబడి వింటోంది.

“అడగొద్దు మామయ్యగారూ,” అంది. “అడిగితే జవాబు చెప్తారు.”

పెద్దాయన ఆవిడ వైపు చూశారు, తర్వాత నా వైపు చూశారు. కాగితాన్ని ముందుకూ తోయలేదు, వెనక్కీ తీసుకోలేదు. కాసేపటికి పాస్టరుగారు మూడో సంఘానికి టైమవుతోందని లేచారు. మేమూ లేచాం.