వణికిన లేత్, నొప్పి లేని కన్ను

తొంభైల చివర్లో ఒక సోమవారం పొద్దున, కలపను తిప్పుతూ చెక్కే నా లేత్ మిషను వణికింది. నర్సీపట్నంలో మంచం కోళ్లు తీసే షాపు నాది. ఆ రోజు మా చర్చిలో బాప్తిస్మం గిన్నె పెట్టే దిమ్మ కోసం రోలుగుంట నుంచి తెచ్చిన పెద్ద పనస మొద్దు ఎక్కించాను. వేరు ముడి వల్ల ఒక వైపు బాగా బరువు. ముందే బాడిసతో చెక్కి సమం చేయాలని తెలుసు. పాడు తొందర! స్విచ్ వేయగానే మిషను ఎగిరింది.

"ఏటండీ, అలా గెంతులేత్తంది? ఆపీండి బేగి!" అంది నా భార్య సారమ్మ.

"నువ్వూరుకో. ఇసక మూటలెడితే అదే కుదురుద్ది."

మా షాపుల్లో అందరం చేసే పనే. మిషను మీద రెండు మూటలు వేశాను, వణుకు ఆగింది. మొద్దులో బరువు ఎక్కడికి పోతుంది? పావుగంటకు మొద్దు ఊడి వచ్చింది. దాని పెచ్చు నా కుడి కంట్లో దిగింది.

విశాఖలో ఆపరేషన్ చేసి కుట్లు వేశారు. "ఈ కన్ను ఇక చూడదండీ. ఉంచితే రెండోదానికీ రిస్క్. రెండు వారాల్లోపు తీసేద్దాం" అన్నారు డాక్టరుగారు. తీయించుకోమని సారమ్మ నెత్తీ నోరూ కొట్టుకుంది.

"నొప్పే లేదు గదే, ఉన్న కన్ను పీకించుకోమంటావేటి?" అని అరిచి ఇంటికొచ్చేశాను. నా బుద్ధి గడ్డి తిన్నది.

రెండు నెలలకు ఎడమ కన్ను ఎర్రబడింది. ట్యూబ్‌లైటు చూస్తే పొడిచినట్టుండేది. "సింపథెటిక్ ఆఫ్థాల్మియా. దెబ్బతిన్న కన్ను వల్ల మంచి కంటికీ వచ్చింది" అన్నారు విశాఖ డాక్టరుగారు.

"ఇప్పుడు తీసేయండి బాబూ!" అని చేతులు పట్టుకున్నాను.

"ఇప్పుడు తీసినా ఉపయోగం ఉంటుందని చెప్పలేనండీ."

స్టెరాయిడ్స్ మొదలయ్యాయి. మొహం ఉబ్బింది, షుగర్ వచ్చింది. చూపు కాస్త తేరుకునేది, డోసు తగ్గించగానే మళ్లీ మసక. మూడుసార్లు ఆశపడ్డాను. నాలుగోసారి చూపు తిరిగి రాలేదు.

ఇప్పుడు వాకిలి ఎటుందో వెలుగును బట్టి తెలుస్తుంది, అంతే. సారమ్మ మొహం గుర్తు చేసుకోవాల్సిందే. ఏడుస్తాను, దాచుకోను. షాపు వేరే మేస్త్రి నడుపుతున్నాడు. పగలంతా అక్కడే కూర్చుంటాను.

ఈ పని చేసేవాళ్లకు ఒక్క మాట. పెద్ద మొద్దు ఎక్కించాక కరెంటు వేయకముందే చేత్తో తిప్పి వదలండి. ప్రతిసారీ ఒకే వైపు కిందికి దిగిపోతుంటే, దించి ఆ వైపు చెక్కండి. ఎక్కడ వదిలినా అక్కడే నిలిచేదాకా స్విచ్ ముట్టుకోకండి. మేస్త్రి ఎక్కించిన ప్రతి మొద్దునూ నేనే తిప్పి, తడిమి చూసి చెబుతాను. చెప్పాక, స్విచ్ వేసే ముందు నన్ను పక్కకు తప్పుకోమంటాడు.