పేరు చెప్పకూడని పసరు

కీమో మొదలయ్యాక నాకు జబ్బు కంటే మందంటేనే ఎక్కువ భయం పట్టుకుంది. రొమ్ములో గడ్డను కోసి తీసేశారు, అది పోయింది. ఈ సెలైన్‌లో ఎక్కించేది మాత్రం ఒళ్ళంతా తిరుగుతోంది. జుట్టు పోతే పోనీ, కొంగు కప్పుకుంటాను. లోపల గుండె, కాలేయం ఏమైపోతున్నాయో ఎవరు చూడొచ్చారు?

మా ఆయన బొగ్గుబాయిలో డ్యూటీకి పోతే ఖానాపురం హవేలిలోని కిరాయి ఇంట్లో నేనొక్కదాన్నే. తోడుండడానికి ములకలపల్లి నుంచి మా అత్త సంచీతో దిగింది. ఊళ్ళో ఆమె కామెర్లకు పసరు పోస్తుంది. కారేపల్లి నుంచి కూడా జనం వచ్చి తాగి వెళ్తారు.

"ఆ సూదిమందు నీ కార్జాన్ని కాల్చకుంట ఇది కాస్తది బిడ్డా," అంటూ పసరు గ్లాసు నా చేతికిచ్చింది.

ఏ మొక్క అని అడిగితే కళ్ళెర్రజేసింది. ఆ వైద్యానికి ఒక కట్టుబాటు ఉంది. తెల్లవారకముందే, దారిలో ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళి కోసుకురావాలి. పేరు చెప్పకూడదు. చెప్పినవాళ్ళ చేతి మందు ఇక పనిచేయదు, తర్వాత ఎవరికి పోసినా వట్టి నీళ్ళే. తాగేవాళ్ళూ తాగుతున్నట్టు ఎవరికీ చెప్పకూడదు. పరగడుపున ఆ గ్లాసు ఎత్తితే కడుపు దాకా చేదే. ఇంత చేదుగా ఉందంటే పనిచేసి తీరుతుందని నమ్మాను. పిచ్చి నమ్మకమే గానీ, ఆ రోజుల్లో నాకు అంతకంటే ధైర్యం ఇచ్చింది ఇంకోటి లేదు.

తర్వాతి కీమోకి ముందు రక్తపరీక్ష చేశారు. డాక్టరమ్మ రిపోర్టు చూసి ముఖం ముడుచుకుంది. లివర్ బాగా దెబ్బతిన్నట్టు కనిపిస్తోందట, ఇవాళ మందు ఎక్కించనంది.

"ఇంకేమైనా వాడుతున్నారా? ఆకులు, కషాయాలు?"

బల్ల కింద అత్త నా చెయ్యి గట్టిగా పట్టుకుంది. చెబితే నన్ను కాస్తున్న ఆ ఒక్కటీ పోతుంది. చెప్పకపోతే ఈ డాక్టరమ్మ నాకు వైద్యం ఎట్లా చేస్తుంది? "పసరు తాగుతున్నానండీ," అనేశాను.

"ఏ మొక్క?"

నాకు తెలిస్తేగా! ఇద్దరం అత్త వైపు చూశాం. ఆమె తలుపు వైపు చూసింది. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "నేలవేము," అంది.

"దానివల్లేనా మేడమ్?" అని అడిగాను.

"ఇప్పుడే చెప్పలేను. ఈ కీమోకి లివర్ మామూలుగా ఇంతగా దెబ్బతినదు. ముందు అది ఆపండి, మళ్ళీ పరీక్ష చేద్దాం. రిపోర్టు మెరుగైతే పసరు వల్లనే అనుకోవచ్చు. కాకపోతే జబ్బు లివర్‌కి పాకిందేమో స్కాన్ తీసి చూడాలి."

బయటికొచ్చి షేర్ ఆటో ఎక్కాం. అత్త మీద కోపం తెచ్చుకుందామని చూశాను, రాలేదు. ఆమె కళ్ళు మూసుకుని తమ అడవి తల్లికి రెండు చేతులూ జోడించింది.

"నా మందే దీని కార్జాన్ని చెడగొట్టి ఉండాలె తల్లీ," అంటోంది. "నా మందే అయ్యి ఉండాలె, ఇంకోటి కావద్దు."

నేనూ చేతులు జోడించి అదే మొక్కుకున్నాను.